మూలభాషకు రెండు నిమిషాలు

నేను గ్రీకు చదువుతున్నానని తెలిసిన రోజే మా సంఘం నా భవిష్యత్తు తేల్చేసింది. ప్రభువు మాటల్ని మొదట రాసింది గ్రీకులో. కాబట్టి గ్రీకు చదివే పిల్ల సేవకు వెళ్తుంది. ఆడపిల్ల కనక పాస్టర్ కావడం కుదరదు, పాస్టర్ భార్య అవుతుంది. ఇంత పకడ్బందీ తర్కం మా యూనివర్సిటీలో కూడా వినలేదు.

నిజానికి నేను చదివేది ప్రభువు పుట్టడానికి నాలుగు వందల ఏళ్ల ముందు రాసిన నాటకాలు. భర్తల్ని చంపే భార్యలు, తల్లుల్ని చంపే కొడుకులు, మధ్యమధ్య కొంచెం గాలీవానా. సువార్తకు పనికొచ్చే పేజీ ఒక్కటి లేదు. ఆ మాట చెబుదామని రెండుమూడుసార్లు నోరు తెరిచాను. అంతలో అమ్మ పక్కావిడతో, "మా పిల్ల వాక్యాన్ని మూలభాషలో చదువుతోందండీ" అనడం వినబడి మూసుకున్నాను. అమ్మ ముసలివాళ్ల కేర్ హోమ్‌లో నర్సు. ఈ దేశం వచ్చిన ఏడేళ్లలో ఆమె గొంతులో అంత హుషారు నేను వినలేదు.

మా ఆరాధన లండన్‌లో, ఈస్ట్ హామ్‌ అనే పేటలో, అద్దెకు తీసుకున్న ఒక స్కూలు హాల్లో, ఆదివారం మధ్యాహ్నాలు. నర్సులు, ముసలివాళ్లను కనిపెట్టుకునే కేరర్లు, మాస్టర్స్ చేస్తున్న కుర్రాళ్లు, వెనక వరసలో ఇంగ్లీషులో పోట్లాడుకునే పిల్లలు. పాస్టరును అందరం అయ్యగారు అంటాం. ఆయన వారమంతా రీడింగ్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఆదివారం మాకు ప్రసంగం చేస్తారు. నేను మొదటి ఏడాదిలో ఉండగానే ఆయన నాకో పని కనిపెట్టారు. ప్రసంగం మధ్యలో ఆగి, "ఈ మాటకు మూలభాషలో అసలు అర్థం ఏమిటో మన చెల్లి చెబుతుంది" అనేవారు. నేను లేచి రెండు నిమిషాలు మాట్లాడాలి.

శుక్రవారం సాయంత్రానికల్లా ఫోన్ వచ్చేది.

"తల్లీ, ఈ వారం 'ఓర్పు'. బరువు కింద నిలబడటం అనే అర్థం వస్తే బావుంటుంది."

"వస్తుందో రాదో చూడాలి అయ్యగారూ."

"చూడమ్మా. ప్రార్థన చేసుకుని చూడు."

నిఘంటువులో ఒక్కో మాటకు పది అర్థాలుంటాయి. ప్రార్థన చేసుకోకపోయినా ఆయనకు కావలసింది ఎక్కడో ఒకచోట దొరికేది. నేను లేచి చెప్పేదాన్ని. రెండో వరసలో అమ్మ, ఎవరెవరు వింటున్నారో లెక్క చూసుకునేది.

ఇదంతా ఇలాగే గడిచిపోయేది, నాకు గ్రీకు వచ్చి ఉంటే.

మా క్లాసులో పన్నెండు మందిమి. సగం మంది ఎనిమిదో ఏట నుంచి గ్రీకు చదివినవాళ్లు. మిగతా సగం, నాతో సహా, అక్షరాలతో మొదలుపెట్టినవాళ్లం. ఆ మొదటి సగంలో ఒకడు ప్రతి క్లాసు ముందు, తన గ్రీకు తుప్పు పట్టిందని వాపోయి, ఆ తర్వాత గుక్క తిప్పుకోకుండా పేజీ అనువాదం చేసేవాడు. తుప్పు పట్టడానికి ముందు ఇనుముండాలి కదా అని నేను పుస్తకంలో తల దూర్చుకునేదాన్ని. రోజూ కాలేజీకి వెళ్లే డిస్ట్రిక్ట్ లైన్ రైల్లో క్రియాపదాలు బట్టీ పట్టేదాన్ని. ఎక్కేటప్పుడు వచ్చేవి, దిగేటప్పటికి పోయేవి. బహుశా వాటికి టికెట్ అక్కడిదాకానే ఉండేదేమో.

రెండో ఏడు చివర గ్రీకు పేపరు ఉంటుంది. తప్పితే ఆగస్టులో ఇంకోసారి రాయొచ్చు. అదీ తప్పితే గ్రీకు అక్కడితో సరి. చివరి ఏడాది అవే నాటకాల్ని ఇంగ్లీషు అనువాదంలో చదువుకోవాలి, డిగ్రీ పేరు కూడా మారిపోతుంది. ఎవరూ తిట్టరు. పక్క గదిలోకి పంపిస్తారు, అంతే.

నాకు పక్క గదికి పోవాలని లేదు. హాస్యం పక్కనపెట్టి చెబుతున్నాను. ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం లైబ్రరీలో నాలుగు పంక్తులు నిఘంటువు తెరవకుండానే అర్థమయ్యాయి. ఒక ముసలి దాది, పిల్లల్ని పడుకోబెట్టి, తన మోకాళ్లను తిట్టుకుంటోంది. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఆడమనిషి సూటిగా నాతో గొణుగుతోంది, మధ్యలో ఇంకొకరు లేరు. అయిదో పంక్తి అర్థం కాలేదనుకోండి. కానీ ఆ నాలుగు పంక్తుల కోసం నేను ఇంకో రెండేళ్లయినా రైల్లో క్రియాపదాలు పారేసుకోవడానికి సిద్ధమే.

జూన్‌లో తప్పాను. అమ్మకొక్కదానికే చెప్పాను. మర్నాటికి సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపం వచ్చింది: "సిస్టర్ గారి అమ్మాయి మూలభాష పరీక్ష నిమిత్తం." ముప్ఫై చేతులు జోడించిన బొమ్మలు. పరీక్ష తప్పిందన్న ముక్క మాత్రం లేదు.

"అమ్మా, అందరికీ పెట్టావా?"

"పరీక్ష అన్నాను. తప్పావని అన్నానా?"

"నెగ్గిన పరీక్షకు ఎవరైనా ప్రార్థన చేస్తారా?"

"చేస్తే నష్టమేంటే? దేవుడికి వివరాలు తెలుసులే."

ఆగస్టు పేపర్లో వచ్చింది ఒక దూత చెప్పే కథ. ఆ నాటకాల్లో చావులన్నీ తెర వెనకే జరుగుతాయి, ఎవడో ఒకడు రొప్పుతూ వచ్చి వివరంగా చెబుతాడు. మూడు గంటలు కుస్తీ పట్టాను. నా అనువాదంలో చావవలసిన రాజు సుఖంగా ఇల్లు చేరాడు, రథం మాత్రం ఏడ్చింది. బయటికొచ్చాక అనుమానం వచ్చింది. అప్పటికి చేసేదేమీ లేదు, రాజుకూ నాకూ.

ఫలితం మెయిల్లో వచ్చేసరికి అమ్మ వంటింట్లో డ్యూటీకి డబ్బా సర్దుకుంటోంది.

"పోయిందమ్మా."

అమ్మ డబ్బా మూత పెట్టింది. అది సరిగ్గా పడలేదు. తీసి మళ్లీ పెట్టింది.

"మళ్లీ రాయనివ్వరా?"

"రాయనివ్వరు. ఇక ఇంగ్లీషులోనే."

"ఫీవరని చెప్తే? జీపీ డాక్టరు దగ్గర్నుంచి లెటర్ తెద్దాం."

"ఫీవర్ రాలేదమ్మా. గ్రీకే రాలేదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బస్సుకు టైమైందని కోటు వేసుకుంటూ, "మరి ఆదివారం?" అంది. ఆ ప్రశ్న నాకో, తనకో, కోటుకో తెలియలేదు.

ఆదివారం అయ్యగారు, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, నన్ను చూసి చిరునవ్వు నవ్వారు. "మనం ఎంతో భారంగా ప్రార్థించిన పరీక్ష! లేచి సాక్ష్యం చెప్పమ్మా."

లేచాను. నా పక్క కుర్చీలో అమ్మ ఒళ్లోని చీటీలాంటిదేదో మడుస్తోంది.

"పరీక్ష తప్పానండీ. రెండుసార్లు. ఇంక గ్రీకు చదవనివ్వరు. ఇంగ్లీషులోకి ఎవరో మార్చిపెట్టింది చదువుకోవాలి." ఆగితే ధైర్యం పోతుందని, "ఇంకోటండీ. నేను చదివేది వాక్యం కాదు. పాత నాటకాలు" అని కూడా అనేశాను.

ఆరాధనలో ఏ మాటకైనా ఎవరో ఒకరు ఆమేన్ అంటారు. దీనికి ఎవరూ అనలేదు. ప్రార్థన ఫలించలేదని ఒప్పుకోవడమా, నాకు విశ్వాసం చాల్లేదనడమా అన్నది అయ్యగారి మొహంలో తేలడం లేదు.

ముందు వరసలోంచి ఒక ఆంటీ వెనక్కి తిరిగారు. తెనాలి వైపు మనిషి, అరవై దగ్గరున్నా ఇంకా కేరర్‌గా వారానికి ఆరు రోజులు పనిచేస్తారు.

"ఏమ్మాయ్, ఎవరో మార్చిపెట్టింది చదవడం తప్పా ఏంటి? మేం పుట్టినప్పట్నుంచీ తెలుగులోకి మార్చిపెట్టిందేగా చదివేది. మమ్మల్నెవరూ ఫెయిల్ చెయ్యలా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆంటీ వదల్లేదు.

"ఆ మార్చినోళ్లు సరిగ్గా మార్చారో లేదో చూసేంతయినా వచ్చా నీకు?"

"కొంచెం వచ్చు ఆంటీ."

"మాకు అది కూడా రాదు. కూర్చో."

కూర్చున్నాను. అమ్మ నా వైపు చూడకుండానే, "నాటకాలన్న సంగతి ఇంట్లో చెప్పొచ్చుగా, ఇంతమందిలోనా" అని పళ్ల మధ్యనుంచి అంది. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ నన్ను లేపలేదు. బాధపడదామనుకున్నాను గాని, శుక్రవారం సాయంత్రాలు ఖాళీ అయ్యేసరికి ఎక్కువగా నిద్రపోయాను.

అక్టోబరులో పక్క గదికి వెళ్లాను. మొదటి నెలలోనే ఆ దాది నాటకం వచ్చింది, ఇంగ్లీషులో. మోకాళ్ల దగ్గర అనువాదం నున్నగా, మర్యాదగా జారిపోయింది. అక్కడ గ్రీకు అంత మర్యాదగా లేదని నాకు తెలుసు. ఆవిడ నిజంగానే తిట్టుకుంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించి పక్కమ్మాయి వైపు తిరిగాను. ఆ పిల్ల మంచి నిద్రలో ఉంది. లేపబుద్ధి కాక, ఆ తిట్టును పెన్సిలుతో మార్జిన్‌లో రాసుకున్నాను.