వైరు పీకినావా అని అడిగే మేస్త్రి

మేస్త్రి పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను గడ్డి కోస్తున్నాను. ఫోను మూడుసార్లు మోగిందంట. మిషను చప్పుడులో వినపడలేదు. చివరికి మేస్త్రి కొడుకు కాలనీ గేటుకు ఫోను చేస్తే, వాచ్‌మన్ పరుగున వచ్చి, చేతులు ఊపి మిషను ఆపించాడు. "కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడంటప్పా. అంతే" అన్నాడు.

నాకు రాయడం పెద్దగా రాదు. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మాట్లాడడం ఇంకా తక్కువ. అయినా ఒక మాట రాయాల్సి ఉంది. మేస్త్రికి కుడిచేతికి రెండు వేళ్లు లేవని ఆయన్ను ఎరిగినవాళ్లందరికీ తెలుసు. తన అజాగ్రత్తతోనే పోగొట్టుకున్నాడని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. తప్పు నాది. పదమూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

కమలాపురం దగ్గర ఒక ఫ్యాక్టరీ కాలనీలో నేను తోటమాలిని, రోజు కూలి మీద. మేస్త్రి అక్కడి వర్క్‌షాపులో చిన్న ఇంజన్లు చూసేవాడు. ఆఫీసర్ల గెస్ట్ హౌసు ముందు అరెకరా పచ్చగడ్డి. చుట్టూ నాపరాతి నేల. ఆ గడ్డికి ఒక పాత పెట్రోలు మిషను. నాకూ మేస్త్రికీ సావాసం కుదిర్చింది అదే. అది సరిగా నడిచే మిషనైతే మేము ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకునేవాళ్లం కాదేమో.

అది మొరాయిస్తే మేస్త్రి వెంటనే చెయ్యి వేసేవాడు కాదు. దాని చుట్టూ ఒకసారి తిరిగి నన్ను అడిగేవాడు. "ఎట్ల ఆగింది? దగ్గి దగ్గి సచ్చిందా, ఒక్కతూరే సచ్చిందా?" దగ్గి ఆగితే పెట్రోలు, ఒక్కసారిగా ఆగితే కరెంటు అని ఆయన లెక్క. ప్లగ్గు తీసి వాసన చూసేవాడు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మండడం లేదు అని అర్థం. ప్లగ్గును వైరుకు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి, తన ఒంటితో ఎండ పడకుండా నీడ చేసి, "లాగప్పా" అనేవాడు. నేను తాడు లాగేవాణ్ణి. నిప్పురవ్వ నీలంగా మెరిస్తే నవ్వేవాడు. ఎర్రగా, పల్చగా వస్తే, "నా సూపు మాదిరే ఉండాది" అనేవాడు. అసలు రాకపోతే, మిషను ఆపే మీట వైరు ఊడదీసి మళ్లీ లాగమనేవాడు. చాలాసార్లు రోగం అక్కడే ఉండేది. ఆ వైరు పైతోలు అరిగి ఇనుముకు తగులుతూ ఉండేది.

అక్కడా కాకపోతేనే పైచక్రం విప్పేవాడు. లోపల నిప్పురవ్వ పుట్టించే పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, తెల్లకాగితంతో తుడిచేవాడు. కాయిలుకూ చక్రానికీ మధ్య సందు సరిచూడడానికి పెండ్లి పత్రిక ముక్క దూర్చేవాడు. అందుకని ఎవరు పత్రిక ఇచ్చినా దాచుకునేవాడు. "మీ పాప పెండ్లికి రాలేకపోయినా గానీ, పత్రిక మాత్రం శానా మంచిదప్పా" అని ఒక గుమాస్తాతో అంటే ఆయనకు అర్థం కాలేదు.

ఒకసారి తాడు లాగితే వెనక్కి తన్ని నా మణికట్టు వాచింది. కరెంటు బాగానే ఉంది. మేస్త్రి చక్రం విప్పి, దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్కను నా ముందు పెట్టాడు. సగం తెగి ఉంది. కత్తి దేనికైనా గట్టిగా తగిలితే తెగేది అదే.

"రాయికి కొట్టినావా?"

"లేదు మేస్త్రీ."

"నాకాడ దాసుకో. మిషనుకాడ దాయొద్దు. అది పట్టిచ్చాది."

నేను తల వంచుకున్నాను. ఆయనే గడ్డంతా వెతికి, ఆ రాయి తీసి గోడ అవతల పారేశాడు. సూపర్‌వైజరుకు చెప్పలేదు.

మేస్త్రికి ఒక పట్టుదల ఉండేది. మిషను వాల్చి కింద కత్తి మీద చెయ్యి పెట్టేముందు ప్లగ్గు వైరు పీకాలి. వైరు ఉంటే, కత్తిని చేత్తో తిప్పినా ఇంజను ఒక దెబ్బ కొట్టొచ్చు. "వైరు పీకినావా?" అని ప్రతిసారీ అడిగేవాడు. నేను తల ఊపితే ఒప్పుకునేవాడు కాదు. "తల ఊపితే నాకు ఇనపడదు. దేవుడు నోరు దేనికిచ్చినాడప్పా, జొన్నరొట్టె తినేకేనా?" అనేవాడు. అప్పుడు నేను "పీకినా" అనేవాణ్ణి. అప్పుడే చెయ్యి పెట్టేవాడు.

ఆ రోజు గెస్ట్ హౌసుకు పెద్దవాళ్లు వస్తున్నారని తొందర. మిషను పొద్దుటి నుంచి మొండికేసింది. మేస్త్రి పాయింట్లు రుద్దాక నీలంగా కరెంటు వచ్చింది. నేను ప్లగ్గు బిగించి వైరు తగిలించాను. ఇంతలో మేస్త్రి మిషను వాల్చి, కత్తికి చుట్టుకున్న గడ్డి చూశాడు. "వైరు పీకినావా?" అన్నాడు. నేను సూపర్‌వైజరు జీపు వస్తోందేమోనని గేటు వైపు చూస్తున్నాను. అలవాటుగా తల ఊపాను. తొందరలో ఆయనా ఆ ఒక్కసారి నోటితో చెప్పమనలేదు. కత్తి తిప్పాడు. ఇంజను ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోయింది. ఒక్కటే దెబ్బ.

సూపర్‌వైజరు ఉరికొచ్చి, "ఎట్లయింది?" అని అరిచాడు. మేస్త్రి తువ్వాలు చుట్టిన చెయ్యి కడుపుకు అదుముకుని నా వైపు చూశాడు. తర్వాత, "వైరు పీకేది నేనే మర్సినా సార్" అన్నాడు.

కడప ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, "నేను చెప్తా మేస్త్రీ" అన్నాను.

"చెప్తే నీ పని పోతాది. నా యేళ్లు మొలుస్తాయా? నోరు లేనోనివి, ఇప్పుడెందుకు నేర్సేది? ఊరకుండు."

ఊరకుండడం నాకు బాగా వచ్చు. ఊరకున్నాను.

ఆయన్ను వర్క్‌షాపు నుంచి తీసి స్టోరులో కూర్చోబెట్టారు. టీ అంగట్లో నా ముందే అనేవాళ్లు. "పదిమందికి సెప్పేటోడు, తన పని తానే మర్సినాడే!" మేస్త్రి ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, "ఔ, మర్సినా" అని నవ్వేవాడు. నేను టీలోకి చూసుకునేవాణ్ణి. సాయంత్రాలు గడ్డి దగ్గరకు వచ్చేవాడు. పాయింట్ల మర చిన్నది, ఆయన చేతికి నిలిచేది కాదు. నేను పట్టుకుంటే ఆయన చెప్పేవాడు.

ఇప్పటికీ మిషను వాలిస్తే వెనక నిలబడి అడిగినట్టే ఉంటుంది. "పీకినా మేస్త్రీ" అని పైకే అంటాను. అన్నాక కూడా మూడుసార్లు వైరు చూస్తాను. వాచ్‌మన్ నవ్వుతాడు. "ఎవురితో మాట్లాడతాండావప్పా?"

రిటైరయ్యాక మేస్త్రి కోయిలకుంట్ల పక్కన తన ఊరికి చేరాడు. మూడో దినానికి అక్కడికి పోయాను. సమాధి దగ్గర విస్తరి వేసి అన్నం, రొట్టె, ఊరిమిండి పచ్చడి పెట్టారు. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో మనసులో మిగిలిందని అంటారు. అరగంట నిలబడ్డాము. ఒక కాకీ రాలేదు.

"అమ్మను బాగా సూసుకుంటా నాయినా" అన్నాడు కొడుకు. రాలేదు. మేస్త్రి తమ్ముడు, "గట్టు తగాదా ఇడ్సినాలేన్నా, ఆ రెండు సాళ్లు నీ కొడుకే దున్నుకోనీ" అన్నాడు. రాలేదు. "బీడీ ముట్టియ్యండ్రా! బీడీ లేకుండా ఆయప్ప ఏ పొద్దు ముద్ద ముట్టినాడు?" అని ఒక ముసలమ్మ కసిరింది. బీడీ వెలిగించి రాయి మీద పెట్టారు. అయినా రాలేదు.

"ఎవురిదో మాట మిగిలిండాది" అని ఎవరో అన్నారు.

నేను రెండడుగులు ముందుకు వచ్చాను. "మేస్త్రీ" అన్నాను. అంతే. ఎక్కడి నుంచి వచ్చిందో, కాకి వచ్చి విస్తరి పక్కన వాలింది. "ఒచ్చినాడు, ఒచ్చినాడు" అని అందరూ దండం పెట్టారు. కొడుకు ఏడ్చాడు. నేను ఏం చెప్పబోయానో ఎవరూ అడగలేదు. నేను పిలిచినందుకు వచ్చాడో, మళ్లీ నా నోరు మూయించడానికే వచ్చాడో నాకు తెలియదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. మేస్త్రి మర్చిపోలేదు. అడిగాడు. వైరు ప్లగ్గు మీదే ఉంది. నేను తల ఊపాను. ఆయన కొడుకు ఇది చదివి నన్ను ఏమన్నా పడతాను.

ఆ రోజు అందరూ కాళ్లు కడుక్కోవడానికి పోయారు. నేనొక్కణ్ణే నిలబడ్డాను. కాకి ఒక మెతుకు ముక్కున పట్టుకుంది. మింగలేదు. తల పక్కకు వాల్చి, ఎండలో కదలకుండా, నా నోటి వైపే చూస్తూ ఉండిపోయింది.