ఇటుకబట్టీలో బురద టీచరు

రంగుల కొట్టాయన ఆ రోజు మా ఇటుకబట్టీ గేటు దగ్గరికి ఒక జత బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. అవి ఆయన కొడుకువి. బూట్లు అనడం మర్యాద కోసం, నిజానికి రెండు మట్టిముద్దలు. వాటిని టీచరు ముఖానికి ఎదురుగా ఎత్తిపట్టి, ఇదేనా మీరు చెప్పే చదువు అని మొదలుపెట్టాడు. పిల్లవాడు ఇక్కడ చేరిన దగ్గర్నుంచి పుస్తకం ముట్టలేదన్నాడు. గోళ్ళలో మట్టి, జుట్టులో మట్టి, పక్కబట్టల మీద మట్టి అన్నాడు. నేను గేటు పక్క అరుగు మీద కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. పోట్లాట చూడడానికి అంతకంటే మంచి చోటు లేదు.

టీచరు గొంతు పెంచలేదు. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగి, అప్పుడు అంది.

"తీసుకెళ్ళండి. గేటు తీసే ఉంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళకండి, అంతే. పిలవండి, వస్తే తీసుకెళ్ళండి."

ఆయన విసవిసా మట్టి తవ్విన గోతి గట్టు మీదికి వెళ్ళి పిలిచాడు. మోకాలి లోతు నీళ్ళలో తాడు కొస పట్టుకుని నించున్న కొడుకు తల తిప్పి చూసి, "నాన్నా, ఆ రెండో కొస పట్టుకో. వదులు చెయ్యకు, కొలత తప్పుతుంది" అన్నాడు.

వాడు రెండు బళ్ళ నుంచి పారిపోయి వచ్చిన పిల్లవాడు. ఇంట్లో తండ్రి అడిగినదానికి ఊఁ అనడం కూడా మానేశాడని వాళ్ళమ్మ నా దగ్గర ఏడ్చింది. రంగుల కొట్టాయన చేతిలో బూట్లు కింద పెట్టి తాడు పట్టుకున్నాడు. గోతి చుట్టుకొలత పూర్తయ్యేదాకా, ఇస్త్రీ చొక్కాతో, చెమటలు కారుతూ అలాగే పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, ఊరికే పోతే పరువు పోతుందన్నట్టు, మరి అక్షరాల సంగతేంటండీ అని నసిగాడు.

"అక్షరాలకి కాళ్ళు లేవండీ, ఎక్కడికీ పారిపోవు. కావాలనిపించినరోజు పిల్లలే వాటిని వెతుక్కుంటూ వెళ్తారు" అంది టీచరు.

నేను పైకే నవ్వాను. ఆ పూట గెలుపు ఆవిడదే.

బురద టీచరు అన్న పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు ఆవిడ ఏనాడూ ముఖం ముడుచుకోలేదు, పైగా కొత్తగా వచ్చేవాళ్ళకి తనే ఆ పేరు చెప్పుకునేది. మా ఆయన పోయాక ఇటుకల బట్టీ ఆరిపోయింది. పొగగొట్టం, ఇటుకలు ఆరబెట్టే పాకలు, మట్టి తవ్విన గోతులు మిగిలాయి. గోతుల్లో వాననీళ్ళు నిలిచి, తుంగ పెరిగి, ఎక్కడెక్కడి కొంగలో వచ్చి చేరాయి. నా కొడుకులకి ఆ జాగా మీద కన్నుంది, నా కన్ను నా కొడుకుల మీద ఉంది. అందుకే ఆవిడ వచ్చి ఇక్కడ పిల్లలకి చదువు చెప్పుకుంటాను ఇస్తారా పెద్దమ్మా అని అడిగితే, వాళ్ళు ఉడుక్కోవడం చూడొచ్చని ఇచ్చేశాను.

గదులెక్కడ కడతావు అని అడిగాను. గదులొద్దు అంది. బల్లలో అంటే, కూర్చోబెట్టే ఉద్దేశం లేదంది. పైగా ఇది చిన్నపిల్లల ఆట కాదట, పన్నెండు దాటిన వాళ్ళనే చేర్చుకుంటుందట. ఆ వయసులోనే పిల్లలు బడి మీద మనసు చచ్చిపోయి ఇంటికి తిరిగొస్తున్నారు అంది. ఆవిడ అంతకు ముందు పెద్ద బళ్ళో సైన్సు చెప్పేది. పరీక్షల పొద్దున పిల్లలు వరసగా వెళ్ళి వాంతులు చేసుకుంటుంటే బడి మెట్ల దగ్గర నీళ్ళ చెంబుతో నించునేదట. ఒక ఏడాది చెంబు కింద పెట్టేసి వచ్చేసింది. జీవితంలో ఇంక ఏ పిల్లకీ పరీక్ష పెట్టనని ఒట్టు పెట్టుకుంది. మొగుడు ఈ ఒట్టు విని, నువ్వూ నీ ఒట్టూ అని వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆవిడ పంటినొప్పి సంగతి చెప్పినట్టు చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు.

పిల్లలు పొద్దున్నే వచ్చేవారు. కత్తి నూరడం, ఎండుకొమ్మ కొట్టడం, తడికట్టెతో మంట చెయ్యడం, గోతుల పటం గీయడం, ఏ నీళ్ళలో ఏ పురుగు బతుకుతుందో చూడడం. వానొస్తే పాకలోకి, ఎండొస్తే పొగగొట్టం నీడలోకి. నా బట్టీలో ఇన్నేళ్ళూ కూలివాళ్ళు ఏడుస్తూ చేసిన పనే ఈ పిల్లలు నవ్వుతూ చేస్తున్నారు, దానికి వాళ్ళ అమ్మానాన్నలు నీకు దణ్ణం పెడుతున్నారు, నీది మామూలు తెలివి కాదమ్మా అనేదాన్ని. ఆవిడ పడీపడీ నవ్వేది.

ఇళ్ళకి వెళ్ళేముందు పొద్దు అప్పజెప్పడం అని ఒకటుండేది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఆ రోజు చూసిందంతా ఒకరు నోటితో చెప్పాలి, ఇంకొకరు రాయాలి. చెప్పడం ఎప్పుడూ కొంగదే. కొంగంటే టీచరు కూతురు. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, నీళ్ళలో కదలకుండా నించునే ఓపిక. ఆ పిల్ల చెబుతుంటే పొద్దున వీచిన గాలి కూడా మళ్ళీ వీచేది. ఐదేళ్ళప్పుడు తల్లి చంకనెక్కి వచ్చి పదహారేళ్ళు వచ్చేదాకా నా కళ్ళ ముందు ఆ గోతుల్లోనే పెరిగింది. వేరే బడి ఎరగదు. దాన్ని చూపించే తల్లి అందరికీ చెప్పేది, ఇదిగో, ఇలా తయారవుతారు అని.

ఇంక నా సంగతి. నేను చదివింది రెండో తరగతి, అదీ సగం. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతాను. చిన్నవైతే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానంటాను. నాకు కళ్ళజోడు లేదు.

మొన్న వానలు వెనకపట్టాక గోతుల్లో నాచు పట్టి దోమలు లేచాయని చుట్టుపక్కలవాళ్ళు గోల పెట్టారు. ఊరి ఆఫీసువాళ్ళు వచ్చి చివరి గోతిలో మందు కొట్టి, గట్టు మీద బోర్డు పాతి వెళ్ళారు. టీచరు ఆ పొద్దున ఒంట్లో బాగాలేక ఇంట్లో పడుకుంది. ఆవిడకి గానీ నాకు గానీ ఎవరూ ఒక మాట చెప్పలేదు. పిల్లల్ని కొంగ తీసుకెళ్ళింది, తుంగ దుంపలు తవ్వడానికి, చివరి గోతికే.

రంగుల కొట్టు పిల్లవాడు బోర్డు చూసి, ఏం రాశారక్కా అని అడిగాడట. ఆ బోర్డు ముందు ఒక్క క్షణం ఆగి కొంగ అందట, "ఏముంటుంది, ఈత కొట్టొద్దంట. మనం ఈతకి రాలేదుగా, పద." అంతకు ముందు అక్కడున్న పాత బోర్డు మీద ఉండేది ఆ ముక్కే. అక్క చదివింది కదా, ఇంక మళ్ళీ చదివేదెవరు. నీళ్ళలోకి దిగారు, దుంపలు ఆ నీళ్ళలోనే కడిగారు, పచ్చివే నమిలారు.

మధ్యాహ్నానికి ఒకడు నా అరుగు మీద వాంతి చేసుకున్నాడు. వాడి వెనకే ఇంకొకరు. ఆటోలు పిలిచి, దొరికినవాళ్ళని దొరికినట్టు ఎక్కించి ఆసుపత్రికి తోలాను. మిగతావాళ్ళు తేరుకున్నారు. రంగుల కొట్టు పిల్లవాడికి మాత్రం ఊపిరి అందలేదు, లోపలికి తీసుకెళ్ళి తలుపు మూశారు.

టీచరు జ్వరంతోనే పరిగెత్తుకొచ్చి ఆ తలుపు ముందు నించుంది. బోర్డు సంగతి అప్పటికే పిల్లల నోట అందరికీ తెలిసిపోయింది. చదివి కూడా లెక్కచెయ్యలేదట, పొగరు, తల్లి పెంపకం అని వరండా అంతా అంటున్నారు. కొంగ తల దించుకుని, అవును, లెక్కచెయ్యలేదు అని ఒప్పుకుంది. ఎవరేమన్నా అదే మాట.

ఆ పిల్ల పెదవులు ఎండిపోయాయని మొహం కడుక్కు రమ్మన్నాను. వరండా చివర రెండు తలుపులున్నాయి, ఒకటి ఆడవాళ్ళకి, ఒకటి మగవాళ్ళకి. పైన పెద్దపెద్ద అక్షరాలు, నేను కూడా దూరం నుంచి చదవగలిగినంత. కొంగ వాటి ముందుకెళ్ళి చెప్పు పట్టీ సరిచేసుకుంటూ వంగింది. ఒకావిడ లోపలికి వెళ్ళేదాకా వంగే ఉంది. ఆవిడ వెనకాలే వెళ్ళింది.

తిరిగొచ్చాక, గోడ మీద రాసింది చూపించి, అదేంటో చదివి పెట్టవే అన్నాను. "కళ్ళు మండుతున్నాయి అమ్మమ్మా, మీరే చదవండి" అంది.

ఆ మాట నా సొంత సరుకు. ఎన్ని కౌంటర్ల ముందు అమ్ముకున్నానో నాకే తెలుసు.

ఆ పిల్లవాడు దక్కాడు, రెండు రోజులకి కళ్ళు తెరిచాడు. అప్పుడు టీచరుని పక్కకి పిలిచి చెప్పాను. నీ కూతురు బోర్డు చదివి నిర్లక్ష్యం చెయ్యలేదమ్మా, దానికి చదవడం రాదు అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. అదేంటి పెద్దమ్మా, నీటిపిట్టలన్నిటి పేర్లూ చెబుతుంది అంది. చెబుతుంది, నేను కాదన్నానా అన్నాను.

మర్నాడు పొద్దున కూతుర్ని వెంటబెట్టుకుని చివరి గోతి దగ్గరికి వెళ్ళింది. నన్నూ రమ్మంది. బోర్డు ముందు నించోబెట్టి చదవమంది. పదకొండేళ్ళలో ఆ కూతురికి ఆవిడ పెట్టిన మొదటి పరీక్ష అది. కొంగ తడుముకోకుండా చెప్పేసింది, "ఈ గోతిలో నాచు మందు కొట్టడమైనది. నీళ్ళు ముట్టరాదు, పశువులను దింపరాదు." ఒక్క ముక్క తప్పు పోలేదు. టీచరు చటుక్కున నా వైపు తిరిగింది. ఆ ముఖంలో వెలుగు చూసి నేను నోరు మూసుకున్నాను. ఆ మాటలు ఆసుపత్రి వరండాలో నూరుసార్లు అందరూ అనుకున్నవే. విన్నది మర్చిపోయే పిల్ల కాదది.

ఆ వెలుగు ఎక్కువసేపు నిలవలేదు. ఆవిడకే ఏదో తోచినట్టుంది. మెల్లగా అడిగింది.

"నీళ్ళు అన్నమాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమ్మా."

కొంగ చెయ్యి ఎత్తింది. వేలు బోర్డు మీద కొంచెంసేపు గాలిలోనే తిరిగింది. తర్వాత ఒక చోట ఆగింది. అక్కడ రాసి ఉన్నది పశువులు అని. నాకు కూడా తెలిసిపోయింది.

తల్లి ఏడవలేదు, తిట్టలేదు. గట్టు మీద చతికిలబడింది. ఎప్పట్నుంచి అని అడిగింది. ఎప్పట్నుంచి ఏంటమ్మా, ఎప్పుడూ రాలేదు అంది పిల్ల. మిగతావాళ్ళంతా చదవడం వచ్చి చేరినవాళ్ళేనట. అప్పుడు అడగడానికి సిగ్గేసిందట. తర్వాత తల్లి అందరి ముందూ తనని చూపించి గొప్పలు చెబుతుంటే, ఇంక అడగడానికి దారే లేకపోయిందట.

"పొగరుబోతు అనుకుంటే అనుకోనీ అమ్మా. రాదని మాత్రం ఎవరికీ చెప్పకు. నీ బడి పోతుంది" అంది.

బడి ఎలాగూ పోయింది. రంగుల కొట్టాయన కొడుకు బట్టలూ కత్తీ పట్టుకెళ్ళడానికి వచ్చాడు. పోట్లాటకి నేను నడుం కట్టుకుని కూర్చున్నాను. ఆయన టీచరుకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ వారంలో మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మానేశారు. ఇప్పుడు పాకల్లో పిట్టలు తిరుగుతున్నాయి, ఎవరూ లెక్కపెట్టడం లేదు.

టీచరు కూతురికి తనే నేర్పాలని కూర్చుంది. పలకలు తెచ్చింది, బొమ్మల పుస్తకాలు తెచ్చింది, ఇసుకలో రాసింది. కొంగ మొదటి రోజు తల్లి ముఖమే చూస్తూ కూర్చుందట. నువ్వు నేర్పొద్దమ్మా, నేను తప్పు చదివినప్పుడల్లా నీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నాకు అక్షరాలు కనపడడం లేదు అందట. ఊళ్ళో ఒక పంతులమ్మని పిలిపిస్తే, ఆవిడ వచ్చే వేళకి వెళ్ళి బట్టీలో ఇటుకలు దాచే కొట్లో గడియ పెట్టుకుంది. ఇప్పుడు పగలంతా ఆ కొట్లోనే. గోతుల వైపు చూడదు. తలుపు సందులోంచి ఇచ్చింది తింటుంది, పిలిస్తే పలుకుతుంది, అంతే. నీళ్ళలో నించునే పిల్ల చీకట్లో గోడకి ఆనుకుని కూర్చోవడం నేను ఒకసారి చూశాను, రెండోసారి చూడబుద్ధి కాలేదు.

నిన్న పొద్దున టీచరు మా వంటింట్లోకి వచ్చింది. ఎప్పుడూ గడప దాటి లోపలికి రాదు, కాళ్ళకి మట్టి అని. నిన్న కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మనిషి సగమైపోయింది. టీ ఇస్తే గ్లాసు చేతుల్లో పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు. ఈ ఊరు వదిలి పోదామా అని కూతుర్ని అడిగితే, నాకు చదవడం వచ్చే ఊరు ఎక్కడుందమ్మా అని కొంగ అడిగిందట.

నాతో అయ్యే పనేమైనా ఉంటే చెప్పు అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"మీకు చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు పెద్దమ్మా. మొదట్నుంచీ తెలుసు. మిమ్మల్ని కనిపెట్టాను, దాన్ని కనిపెట్టలేకపోయాను" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా కడుపున పుట్టినవాళ్ళకి తెలియదు, నా కోడళ్ళకి తెలియదు. నా వంటింట్లో, నా టీ గ్లాసు పట్టుకుని, నా ముఖం మీద అంటుంది. లేచి పొమ్మందామని నోరు తెరిచాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"చదువుకున్నవాళ్ళెవరి ముందూ అది కూర్చోదు. మీరు వెళ్ళండి. ఆ కొట్లోకి వెళ్ళి దాని పక్కన కూర్చుని ఏదో ఒకటి బయటికి చదవండి, పాత పేపరైనా సరే. మీకు ఎలా వస్తే అలా, ఆగుతూ, తప్పులు పోతూ. దాన్ని చదవమని అడగొద్దు. కానీ మొదట దానికి ఒక్క మాట చెప్పండి, మీ నోటితోనే. నాకూ సరిగ్గా రాదే అని చెప్పండి."