చిట్యాలలో ఆమె చేపలు కంపు కొట్టలేదు

మృగశిర కార్తె నాడు అంగడిలో చేపలమ్మే ఆమె చేపలు కంపు కొట్టాయని, అందుకే ఎవరూ కొనలేదని మా చిట్యాలలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. పచ్చి అబద్ధం. ఆ పొద్దున ఆమె టబ్బులోని బొచ్చె చేపలు తోకలు కొట్టి నా చొక్కా తడిపాయి. అంతకుముందే ఆమె భర్త మా చెరువులో వల తీశాడు.

తప్పు నాది. ముందురోజు నా ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. ఎక్కడో తీరంలో వలకు చిక్కిన పొడవాటి చేప, వెండి పట్టీలాంటి ఒళ్లు, తల మీద ఎర్రటి కుచ్చు. నడిసముద్రం లోతుల్లో బతికే అరుదైన చేపట. చూడముచ్చటగా ఉంది. దానికి ఎవడో గొంతు అతికించాడు: ఇది పైకొచ్చిందంటే నీళ్లలో విషం పుట్టినట్టే, ఈసారి చేపలు తినొద్దు అని. నేను ముందూవెనకా చూడకుండా ఊరి గ్రూపులో పెట్టాను. చదువుకున్న ఆసామి పెట్టాడంటే ఇంకెవరు కాదంటారు?

తెల్లవారి అంగడికి వెళ్తే ఆమె టబ్బు నిండుగా అలాగే ఉంది.

"ఏందక్కా, ఒక్కటి గూడ పోలే?"

"నువ్వు పంపిన చేప మింగింది పటేలా, నా బేరాన్ని. మన చెర్ల సముద్రం ఎప్పుడు గలిసింది? జర నువ్వే చెప్పు."

పక్కనున్న ముసలాయన నవ్వాడు. "చేపలన్నీ చుట్టాలే గదనే!"

ఆ వీడియో అబద్ధమని గ్రూపులో రాశాను, అంగడిలో అరిచాను. ఎవరూ వినలేదు. అలాగని పండగా మానలేదు. మృగశిర నాడు చేప తినకుండా ఉంటామా! బండ్లేసుకుని భూపాలపల్లి పోయి, ఐసు పెట్టెల్లో వచ్చిన సముద్రపు చేపలు కొనుక్కొచ్చారు. అవును, సముద్రపు చేపలే! నా తమ్ముడూ ఓ సంచి తెచ్చాడు.

"ఐసుల వెట్టినంక విషం ఏడుంటదే అన్నా!"

మిగిలినవన్నీ నాకివ్వమని ఆమెను అడిగాను. "నువ్వొక్కనివి ఎన్ని తింటవు? రేపు నా తాన ఎవలు కొంటరో గది చెప్పు" అంది.

మర్నాడూ ఎవరూ కొనలేదు. తమ తెలివితక్కువతనం బయటపడకుండా ఈ కంపు కథ అల్లారు. ఆమె మా అంగడికి రావడం మానేసింది. మొన్న టేకుమట్ల అంగడిలో కనబడితే, తప్పు నాదేనని నలుగురిలో గట్టిగా అన్నాను.

"గీడెందుకు జెప్తున్నవు? చిట్యాల్ల జెప్పు" అని చేప కోయడంలో పడిపోయింది.

ఇంటికి రాగానే కంపు కథ ఎందుకు పుట్టిందో, ఎవరెవరు ఎక్కడ కొన్నారో అంతా గ్రూపులో రాశాను. కాసేపటికే నన్ను తీసేశారు. తీసింది నా తమ్ముడే.