రేపల్లె బండి అందే పేపర్లు

నిన్న మా అమ్మాయి చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుని, విద్యా పరిపాలనలో ఎం.ఎడ్.కి ఏ ఏడాది ఏ పేపర్లు తీసుకోమంటావని నన్నడిగింది. ఆ చదువు చదివినదాన్నే గనక చెప్పాలి. కానీ పేపర్ల పేర్లకంటే ముందు రైళ్ళ వేళలు గుర్తొచ్చి, ఎవరూ ఏమీ అనకుండానే నా తల వంగిపోయింది.

తొంభైల మొదట్లో సంగతి. అత్తవారిది రేపల్లె, పుట్టిల్లు తెనాలి, కాలేజీ బాపట్లలో. ఈ అమ్మాయే అప్పుడు ఐదు నెలల పిల్ల. పొద్దున రేపల్లె బండి దిగేసరికి తెనాలి ప్లాట్‌ఫారం మీద మా అమ్మ కాచుకుని ఉండి పిల్లను అందుకునేది, నేను బాపట్ల బండి ఎక్కేదాన్ని. సీసాపాలు నోట పెట్టని పిల్ల, పగలంతా అమ్మ ఉగ్గుగిన్నెతో పట్టిన కాసిని పాలతో గడిపి, సాయంత్రం నా చేతికొచ్చాక వేమూరు దాటేదాకా రొమ్ము వదిలేది కాదు.

నా మనసంతా బడుల పర్యవేక్షణ పేపరు మీద ఉండేది. ఎప్పటికైనా బడులు తనిఖీ చేసే ఉద్యోగం చేయాలని ఆశ. కానీ ఆ క్లాసు పొద్దుపోయాక పెట్టేవారు. అది విని వస్తే సాయంత్రం బండి దాటిపోయి రాత్రి బండే గతి, పిల్ల అంతసేపు ఆగదు. అందుకని రైళ్ళ వేళలు ముందుంచుకుని, మధ్యాహ్నంతో అయిపోయే పేపర్లన్నీ ఏరి నా రెండేళ్ళ చదువుకూ పట్టిక వేసుకున్నాను.

మొదటి వారంలోనే మేడంగారు ఒక్కొక్కరినీ లేపి, ఆ పేపర్లే ఎందుకు తీసుకున్నారో చెప్పమన్నారు. అందరూ ఉద్యోగాల్లో ఉన్న మాస్టార్లు, తడుముకోకుండా చెప్పారు. నా వంతు వచ్చేసరికి నిజమే చెప్పేశాను.

“ఇవైతే రేపల్లె బండి అందుతుందండి.”

వెనక బెంచీలోంచి అమృతలూరు మాస్టారొకాయన, “రైల్వేలో చేరాల్సిందానివి, పొరపాటున ఇటొచ్చావు చెల్లెమ్మా” అన్నారు. క్లాసంతా నవ్వింది. మేడంగారూ నవ్వు ఆపుకోలేకపోయారు. పాలిచ్చే వేళ దాటిందేమో, సరిగ్గా అప్పుడే జాకెట్టు తడిసిపోవడం తెలిసింది. అంత ఉక్కలోనూ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఆ గంట ఎలా కూర్చున్నానో నాకే తెలుసు.

క్లాసయ్యాక మేడంగారు వరండాలో ఆపి పిల్ల సంగతి అడిగారు. రేపట్నుంచి మీ అమ్మగారినీ పిల్లనూ వెంటబెట్టుకుని రా, మా గదిలో ఉయ్యాల కడదాం, పర్యవేక్షణ కూడా తీసుకుందువుగాని అన్నారు. అలవాటైపోయింది, ఫరవాలేదండి అని వచ్చేశాను.

తెనాలిలో పిల్లను అందుకుంటూ మాటల్లో ఈ సంగతి చెబితే అమ్మ నిర్ఘాంతపోయింది. “నేనొచ్చి కూర్చుంటానంటున్నాగా, ఆవిడే రమ్మంటే నీకు బాధేంటే?”

“బాగోదమ్మా” అన్నాను.

ఆ పేపరు చదవలేదు. చదవనిదాన్ని ఏ మొహంతో అడుగుతానని, తనిఖీ ఉద్యోగానికి ఏనాడూ దరఖాస్తు పెట్టనూలేదు.

ఇప్పుడు బండి అందుకునే పని లేదు, ఏ క్లాసైనా ఇంట్లోకే వస్తోంది. ముందు పర్యవేక్షణ తీసుకో అని మా అమ్మాయికి చెప్పాను, తీసుకుంది కూడా. ఇవాళ కొత్తగా చేరినవాళ్ళందరినీ తెర మీదే పరిచయం చేసుకోమన్నారు. మా అమ్మాయి తన పేరు చెప్పబోతుండగా బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. చప్పున కెమెరా ఆపేసింది. మిగతా మొహాల మధ్య దాని గడి నల్లగా మిగిలింది.

చంటిపిల్లేగా, కనపడితే ఏంటే, ఉండనీ అన్నాను.

“బాగోదమ్మా” అంది.

ఆ మాట నేను దానికెప్పుడూ నేర్పలేదు. ఆ సాయంత్రం వేమూరు దాటేదాకా పాలతోపాటు తాగినట్టుంది.