పల్లి చేను చుట్టూ మూడు చుట్లు

మొన్న ఆదివారం నుంచి మా ఇంట్ల దారి చెప్పే పని నా చేతిల నుంచి పోయింది. గల్లీ చివర కిరాణా దుకాణానికి పోవాలన్నా మా పద్మ ఫోన్ల మ్యాప్ పెడ్తుంది. ఎందుకో చెప్త, జర చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వేటట్టుంటే మాత్రం కప్పు పక్కకు పెట్టి నవ్వుండ్రి, నా అంగీ కొత్తది.

మా బామ్మర్ది శ్రీకాంత్ హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పని చేస్తడు. చేతికి ఒక వాచ్ ఉంటది, ఎన్ని అడుగులు నడిచిండో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అన్నీ అదే చెప్తది. శనివారం నాగర్‌కర్నూల్‌కు మా ఇంటికి వచ్చిండు. వచ్చిన కాడికెళ్లి ఒకటే మాట. "బావా, అమ్రాబాద్ దిక్కు అడవి పక్కన పెద్ద పార్కు ఉందంట. నడిచేటందుకు ఒక ట్రయిల్, సైకిళ్లకు ఇంకో ట్రయిల్. పోదం బావా."

టికెట్ కొని మరీ నడుచుడు ఏందో నాకైతే అర్థం కాలె. చేన్ల ఎంత నడిచినా ఎవ్వరూ టికెట్ అడగరు. కానీ బామ్మర్ది మాట కాదంటే వాళ్ల అక్క ఊకోదు, సరే అన్న.

అక్క అంటే మా పద్మనే. బయల్దేరే ముందే షరతు పెట్టింది. దానికి కారణం లేకపోలేదు. పోయిన నెల వనపర్తిల పెండ్లికి పోయినప్పుడు, ఎవ్వరినీ అడగనియ్యకుండ నేనే దారి చూపిచ్చి, తీస్కపోయి వేరే ఫంక్షన్ హాల్ల కూసోబెట్టిన. అక్షింతలు కూడా వేసినం. ఎవరికి వేసినమో ఇప్పటికీ తెల్వదు. మా సొంతోళ్ల పెండ్లికి చేరేసరికి భోజనాల బంతులు లేచిపోయినయి.

"ఈసారి దారి తప్పినవంటే, ఇగ జన్మల నువ్వు దారి చెప్పొద్దు. ఫోన్ చెప్తది, నువ్వు ఎనక నడువాలె. నా తమ్ముని ముందట ఇజ్జత్ తీయకు" అన్నది.

నాకు కోపమొచ్చింది. "కోడేరు దిక్కు చేన్లల్ల పుట్టి పెరిగినోణ్ణి. నాకు ఫోన్ చెప్పాల్నా? శ్రీకాంత్, ఆ ఫోన్ జేబుల పెట్టు. మళ్ల పార్కు గేటు కాడికి వచ్చేదాకా తీయొద్దు" అన్న. ఆయన నవ్వి జేబుల పెట్టుకున్నడు.

గేటు కాడ ఉన్నాయన మంచిగనే చెప్పిండు. "చెట్లకు ఎర్ర గుడ్డ పేలికలు కట్టినం సారు. వాటెంబడి పోతే మూడు కిలోమీటర్లు తిరిగి మళ్ల ఇక్కడికే వస్తరు. పసుపు పేలికలు సైకిలోళ్లకు." ఇంతకంటే సులువైన పని ఇంకోటి ఉండదు. మా ఎంబడొచ్చిన మా బిడ్డ అమ్ములు నాలుగో తరగతి, దాన్ని ఒక్కదాన్నే పంపినా వచ్చేది.

మొదట్ల అంతా మంచిగనే ఉండె. ఎర్ర పేలిక, ఇంకో ఎర్ర పేలిక. ఒక దగ్గర అవి ఎడమకు తిరిగినయంట. నేను చూడలె. ఎందుకంటే ఆ టైముకు నేను ఎనక్కి తిరిగి, అడవిల దిక్కులు ఎట్ల పట్టాలెనో బామ్మర్దికి పాఠం చెప్తున్న.

పాఠం అయిపోయి ముందటికి చూస్తే చిన్న రాళ్ల కట్ట, దాని అవతల ఒక కట్టెకు ఎర్ర చీర. పేలిక కాదు, నిండు చీర.

"చూసినవా, కండ్లు కనపడనోళ్లకు కూడా కనపడాలెనని ఇక్కడికెళ్లి చీరలే కట్టిండ్రు" అన్న.

"మరి అడ్డం ఈ కట్ట ఎందుకు బావా?"

"అడ్వెంచర్" అన్న.

కట్ట దాటినం. గట్టు మీద నడుస్తుంటే ఎర్ర చీర అయిపోయి పచ్చది వచ్చింది. తర్వాత నీలంది. తర్వాత పువ్వుల చీర. శ్రీకాంత్ జర పరేషాన్ అయిండు. "బావా, ఎర్రవే అన్నడు గదా ఆయన."

"ఎర్రవి అయిపోయి ఉంటయి. సర్కారు పని గట్లనే ఉంటది, ఉన్నదాంతోని కానిస్తరు."

అమ్ములు నా చెయ్యి గుంజింది. "నాన్నా, అడవంటే చెట్లుండాలె గదా. చీరల లోపల అంతా పల్లి చెట్లే ఉన్నయి."

"అది అడవి పల్లి బిడ్డా" అన్న. పదేండ్ల సంది పల్లి పండిస్తున్న నేను, నా సొంత నోటితోని అన్న మాట ఇది.

ఇంకో చుట్టు తిరిగినం. అప్పుడు అది చుట్టు అని నాకు తెల్వదు, ముందుకే పోతున్నం అనుకున్న. పద్మ నీలం చీర కాడ ఆగింది. "ఈ చీర ఇందాక చూసినం. ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ ఉంది."

"అన్నీ ఒక్క దుకాణంలనే కొని ఉంటరు."

"కాలిన మచ్చతోని సహా కొన్నరా?"

నేను ఇంకా జోరుగా నడిచిన. ఎండ ఎక్కింది, పులిహోర డబ్బా గేటు కాడ ఆపిన కార్ల ఉంది, కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి. మూడో చుట్టుల చేను మధ్య మంచె మీదికెళ్లి ఒక పెద్దాయన దిగొచ్చి నా ముందట చేతులు జోడించి నిలబడ్డడు.

"సారూ, కాలువ మా చేన్లకెళ్లే పోతదా?"

పొద్దటి సంది చూస్తుండంట. ఒకాయన ముందట నడుచుకుంట చెయ్యి చూపిస్తుండు, ఇంకొకాయన మాటిమాటికి చేతి గడియారం చూస్తుండు, ఒక్కటే చేను మూడుసార్లు తిరిగిండ్రు, ఇగ ఇది కొత్త కాలువ సర్వేనే అనుకున్నడు. పాపం, ఆయన మొహం చూస్తే నాకు మస్తు బాధనిపించింది. శ్రీకాంత్ ఉన్నదున్నట్టు చెప్పిండు, మేము పార్కుకొచ్చినం, చీరల దారి పట్టుకొని తిరుగుతున్నమని.

పెద్దాయన జరసేపు నా దిక్కు చూసిండు. తర్వాత నవ్వుడు మొదలుపెట్టిండు, తలపాగ జారిపోయేదాకా నవ్విండు. "అవి అడవి పందులు రాకుండ కట్టిన చీరలు సారు. మీ దిక్కు కట్టరా?"

"కట్టక ఏం పెద్దాయన" అన్నది పద్మ. "మా పల్లి చేనుకు ఏటేటా ఈయననే కడ్తడు. పోయినేడు నన్ను అడగకుండ నా కొత్త చీర గూడ కట్టిండు."

సిగ్గుతోని నా చెవులు వేడెక్కినయి. పెద్దాయన నన్ను ఓదార్చాలనుకున్నడో ఏమో, భుజం మీద చెయ్యేసి మెల్లగ అన్నడు. "పందులైతే ఒక్క చీర చూసి మర్లిపోతయి సారు."

మంచె కాడ కూసోబెట్టి ఉడకబెట్టిన పల్లికాయ పెట్టిండు. అమ్ములు ఒడినిండ పోసుకొని తిన్నది. "అడవి పల్లి మస్తుంది నాన్నా" అన్నది. నేను పద్మను పక్కకు పిలిచి మెల్లగ అడిగిన, నీకు ఎప్పుడు తెలిసిందని.

"మొదటి చీర కాడనే."

"మరి చెప్పొద్దా?"

"నువ్వు ఎవ్వరినీ అడగవు గదా. నన్ను గూడ అడగలె."

పెద్దాయననే మమ్మల్ని గేటు దాకా తోలిచ్చిండు. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలె. కార్ల కూసున్నంక నేను ఒక పాయింట్ తీసిన. శ్రీకాంత్ జేబులకెళ్లి ఫోన్ తీయలె కాబట్టి నేను ఓడినట్టు కాదు అని. పద్మ ఫోన్ తీసి మ్యాప్ పెట్టింది.

ఇయ్యాల పొద్దుగాల కోడేరుకు పోయిన, మా చేనుకు చీరలు కట్టే టైమొచ్చింది. పోయే ముందు పద్మ పాత చీరల మూట కట్టిచ్చింది. మూట మీద అమ్ములు ఎర్ర రిబ్బన్ ఒకటి పెట్టింది.

"ఇదెందుకు?" అన్న.

"బండి నిలబెట్టిన కాడ చెట్టుకు కట్టు. మళ్ల ఇంటికి రావాలె గదా" అన్నది పద్మ.

ఏం చూస్తుండ్రు అట్ల? కట్టిన. ఎందుకొచ్చిన రిస్కు.