మా అమ్మాయి చీమలు

మా అమ్మాయి పోయిందండి. జ్వరం ముదిరితే ఆసుపత్రిలో చేర్చాం. రక్తం ఎక్కించాలన్నారు. ఏ రక్తం ఎక్కడుందో కంప్యూటర్లోనే ఉంటుందట, ఆ పొద్దున్నే అక్కడి కంప్యూటర్లన్నీ ఆగిపోయాయట. మనుషులు వెతికి తెచ్చేసరికి నా బిడ్డ చెయ్యి చల్లబడింది.

"వార్మ్ పడిందమ్మా, ఎవడో వదిలాడు" అన్నాడు కౌంటర్లో మనిషి.

ఎవడో అట. ఆ ఎవడో నాకు కావాలి.

చదివింది ఐదే అయినా వార్మ్ అంటే ఏంటో నాకు తెలుసు. వాటిని పట్టడమే మా అమ్మాయి ఉద్యోగం. అది పురుగు. ఒక కంప్యూటర్లో దూరి, తనలాంటివే పుట్టించి, ఎవరూ ముట్టుకోకుండానే పక్కదానికి పాకుతుంది. దాని మీదకి మా అమ్మాయి చీమల్ని చేసింది. నిజం చీమలు కాదు, కంప్యూటర్లలో తిరిగే చిన్న చిన్న ప్రోగ్రాములు.

"వాటికి మేస్త్రీ ఎవరే?" అని ఓసారి దాన్ని అడిగాను.

"ఎవరూ లేరమ్మా. నీ బెల్లం డబ్బాకి చీమల్ని ఎవరు పిలిచారు? ఇవీ అంతే, అనుమానం వచ్చిన చోట ఒకటి గుర్తు పెట్టి పోతుంది. వెనకది ఆ గుర్తు మీద ఇంకోటి పెడుతుంది. గుర్తులు ఎక్కువైన చోట పురుగు ఉన్నట్టే. ఆ కంప్యూటర్ని మిగతావాటితో కలవనివ్వవు."

"అయితే నా బెల్లం డబ్బా దగ్గర నేర్చుకున్నదానికి మీ ఆఫీసు జీతమిస్తోందన్నమాట!"

"సగం నీ బెల్లానిదేలే" అని నవ్వింది.

చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చేను గట్టు మీద కూర్చునేది. చీమల బారు మధ్యలో వేలితో చెరిపి, అవి మళ్లీ దారెలా కలుపుకుంటాయా అని చూసేది. నేను సుద్దపొడితో ముగ్గేస్తే ఊరుకునేది కాదు. "బియ్యప్పిండితో వెయ్యమ్మా, వాటికి టిఫినది" అనేది.

మొన్న దాని ఆఫీసు స్నేహితురాలు ఇంటికొచ్చింది. "ఆంటీ, ఆ పురుగు మా దగ్గరికీ వచ్చిందండి. మీ అమ్మాయి చీమలు మొదటి కంప్యూటర్లోనే పట్టేశాయి" అంటూ ఏడ్చింది. ఆసుపత్రిలో ఆ చీమలు లేవు.

"మరి వదిలినవాడో?"

"వాణ్ణి అవి పట్టలేవండి. పోలీసులు చూస్తున్నారు."

క్షమించెయ్యమంటున్నారు అందరూ. నేను క్షమించను. వాడికీ ఓ తల్లి ఉంటుంది కదా అంటున్నారు. ఉంటే ఆవిడా ఏడవాలి. ఏడాది దాకా గుడి మెట్లెక్కకూడదని పెద్దాపురం మరిడమ్మ గుడి వైపు తిరిగి వీధిలోంచే మొక్కాను. మరిడమ్మ తల్లీ, వాణ్ణి చంపకు, నాకు చూపించు చాలు.

రోజూ పొద్దున్నే గుమ్మం ముందు గుప్పెడు బియ్యప్పిండి పోస్తున్నాను. పక్కింటావిడ చూసి నోరు నొక్కుకుంది.

"ఏడాదైనా తిరక్కుండా ముగ్గేంటి వదినా?"

"ముగ్గు కాదు వదినా. నా కూతురి మనుషులకి తిండి."

ఇదివరకు చీమలు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఇప్పుడు ఎవర్నీ తుడవనివ్వను. నోట తెల్లటి పిండి కరుచుకుని ఆ బారు మెట్టు దిగి, గేటు కిందనుంచి వీధిలోకి పోతూ ఉంటుంది. దాని వెంటే నడిచి, గేటు పట్టుకుని, అది ఎటు తిరుగుతుందా అని చూస్తూ నిలబడతాను.