లాస్ట్ మ్యూల్‌లో బూజు దులిపిన విశ్వనాథం

విశ్వనాథం బోర్డు మెంబరయింది చెయ్యెత్తడం వల్ల.

నిజానికి ఆ రోజు ఆయన చెయ్యెత్తింది బాత్రూమ్ ఎక్కడని అడగడానికి. కాలిఫోర్నియాలో తాముండే ఫాల్సమ్ నుంచి కొండల్లోకి సరదాగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్తే కారు వేడెక్కి ఆగిపోయింది. టో ట్రక్ వచ్చేదాకా నీడ కోసం ఒక చెక్క హాల్లోకి దూరాడు. లోపల కొందరు ముసలివాళ్ళు మడత కుర్చీల్లో కూర్చుని మీటింగ్ పెట్టుకున్నారు. ముందు నిలబడిన పొడుగాటి ఆవిడ, "ఈ పనికి ఎవరైనా ముందుకొస్తారా?" అని అడుగుతున్న క్షణంలోనే విశ్వనాథం, బళ్ళో పిల్లాడిలా, మర్యాదగా చెయ్యెత్తాడు. హాలంతా చప్పట్లు. ఆవిడ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేసి, పేరడిగి, ఊరడిగి, అప్పుడుగాని బాత్రూమ్ చూపించలేదు. తిరిగొచ్చేసరికి ఆయన లాస్ట్ మ్యూల్ పరిరక్షణ సంఘం బోర్డులో ఏడాది ప్రొబేషన్ మీద మెంబరు.

కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. అమెరికా వచ్చి ముప్ఫయ్యేళ్ళయినా ఆయన కోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు మరి.

లాస్ట్ మ్యూల్ ఒకప్పుడు బంగారం దొరికిన ఊరు. దొరికినన్నాళ్ళూ జనం ఎగబడ్డారు, అయిపోగానే సామాను కూడా సర్దుకోకుండా ఇంకో కొండ మీదికి పరిగెత్తారు. తాగుతున్న కప్పులు బల్లల మీదే ఉండిపోయాయి. బూట్లు గుమ్మాల్లోనే ఉండిపోయాయి. మిగిలిన ఒక వీధినీ, దాని మీద వాలిపోయిన ఇళ్ళనీ కాపాడటం బోర్డు పని. జీతం లేదు, శాలువా లేదు. మోకాళ్ళ నొప్పులు మాత్రం ఉచితం.

ఆ బోర్డుకి ఉన్నది ఒకటే సూత్రం. ఆ పొడుగాటి ఆవిడ, ఛైర్‌పర్సన్ మార్జరీ, ఒకప్పటి స్కూల్ బస్ డ్రైవర్, దాన్ని మొదటిరోజే విశ్వనాథానికి గట్టిగా చెప్పింది: "వంగిన గోడని మనం నిటారుగా నిలబెట్టం. అలాగని పడనివ్వం. ఎంత వంగిందో అంతే వంగి ఉండేలా చూస్తాం. జరిగిపోయినదాన్ని సరిచెయ్యకూడదు, ఇక ముందు చెడనివ్వకూడదు. అంతే."

ఇది విని విశ్వనాథం పులకించిపోయాడు. ముప్ఫయ్యేళ్ళు డేటాబేస్‌లు చూసిన మనిషి. ఆయన కట్టిన ప్రతిదాన్నీ రెండు మూడేళ్ళకి ఎవడో ఒక కుర్రాడు వచ్చి పీకేసి కొత్తది పెట్టాడు. చివరికి ఆయన్నే పీకేశారు, దానికి పెట్టిన పేరు రిటైర్‌మెంట్. అలాంటివాడికి, వంగిన గోడ వంగినట్టే బతకొచ్చని చెప్పే ఊరొకటి దొరికింది.

అంతకుముందు ఆయన ఎక్కిన బోర్డు తెలుగు సంఘానిది. అక్కడ మెంబర్లు మూడు రకాలు: శాలువా కప్పించుకునేవాడు, కప్పేవాడు, ఫొటోలో పక్క నుంచి తల దూర్చేవాడు. విశ్వనాథానికి ఎప్పుడూ మూడో ఉద్యోగమే. లాస్ట్ మ్యూల్‌లో అలా కాదు. ఊడిపోయిన ఒక్క మేకు గురించి మధ్యాహ్నమంతా అరుచుకుంటారు, తర్వాత ఒకే పళ్ళెంలోంచి ఆపిల్ పై అనే పిండివంట తింటారు. వడ్రంగి వాల్ట్ ఆయన చేతికి సుత్తి ఇచ్చి, "కొట్టు, నీ వేలు కాదు, మేకు!" అని నవ్విన రోజు, ఇంటికెళ్ళి భార్య శ్రీవిద్యకి ఆ నల్లబడిన గోరు పతకంలా చూపించాడు.

"దానికి పసుపు పెట్టండి ముందు," అంది శ్రీవిద్య. "ఊళ్ళో వాళ్ళందరికీ టెక్ సపోర్ట్ చెయ్యడం మానేసి ఇప్పుడు దయ్యాలకి చేస్తున్నారా?"

"దయ్యాలయితే రాత్రిపూట కాల్ చెయ్యవులే, శ్రీవిద్యా. మన క్లయింట్లే చేసేవాళ్ళు."

ఏడాది గడిచింది. ఆ శనివారం వార్షిక సమావేశం. బంగారం కాలంనాటి కుటుంబాల వారసులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ ఒక్కరోజే జనరల్ స్టోర్ తలుపు తీస్తారు, అందరూ లోపలికి తొంగి చూస్తారు, తర్వాత చేతులెత్తి ఓటేస్తారు. విశ్వనాథం ఉంటాడా, పోతాడా అన్నది ఆ చేతులే తేలుస్తాయి. ఆయనకి వారం నుంచీ నిద్రలేదు. గ్రీన్ కార్డ్ కోసం కూడా ఇంతలా గుండె దడదడలాడలేదు.

ముందురోజు పొద్దున్నే దంపతులిద్దరూ వచ్చి ఊళ్ళో అద్దె క్యాబిన్‌లో దిగారు. సమావేశం విందుకి శ్రీవిద్య మురుకులు చేస్తానని మాటిచ్చింది. పిండి, జల్లెడ, మురుకుల గొట్టం, అన్నీ కారులో తెచ్చుకుంది. స్టోర్ తాళంచెవి ఆ వారం మొదటిసారి విశ్వనాథం వంతు, లోపలేముందో ఆయన అప్పటిదాకా చూడనేలేదు. కిటికీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి తాళం వేసి రావాలి, అంతవరకే డ్యూటీ. కానీ పక్కన శ్రీవిద్య ఉంది.

తలుపు తెరవగానే ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. పైకప్పు నుంచి సాలెగూళ్ళు తోరణాల్లా వేలాడుతున్నాయి. టానిక్ సీసాలు, తోలు బూట్లు, తూకం రాళ్ళు, కౌంటర్, అన్నిటి మీదా వేలు లోతు దుమ్ము.

"రేపు ఇంతమంది వస్తుంటే ఇల్లు ఇలా పెట్టుకుంటారా ఎవరైనా?"

"ఇది ఇల్లు కాదు, మ్యూజియం."

"మ్యూజియానికి మాత్రం పరువుండదా? అందులోనూ రేపు మీకు ఓటెయ్యాల్సినవాళ్ళు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే మీ పేరే చెప్తారు."

విశ్వనాథం ఆలోచించాడు. కొత్తది పెట్టకూడదు, నిజమే. పాతది తియ్యకూడదు, అదీ నిజమే. కానీ దుమ్ము పాతదెలా అవుతుంది? అది వస్తువు కాదు కదా. పండగకి ముందు బూజు దులపని తెలుగువాడెవడు? ఓట్ల పండగకి మాత్రం దులపొద్దా?

ఇక చూడండి. వాల్ట్ షెడ్డులోంచి పొడుగు కర్ర వచ్చింది, దాని కొసకి చీపురు ఎక్కింది. విశ్వనాథం తలకి తువ్వాలు చుట్టి పైకప్పు మీద యుద్ధం ప్రకటించాడు. శ్రీవిద్య తడిగుడ్డతో సీసాలు తుడుస్తూ పాత పాటలు కూనిరాగం తీసింది. క్యాబిన్‌లోంచి తెచ్చిన వాక్యూమ్ క్లీనర్ ఏనుగులా ఘీంకరించింది. కౌంటర్ మీద దుమ్ములో ఒక పిల్లి అడుగులు కనిపించాయి, ఈ చివర నుంచి ఆ చివరకి.

"ఎవరిదో పిల్లి దూరినట్టుంది," అన్నాడు విశ్వనాథం. అని అక్కడ ఇంకాస్త నొక్కి తుడిచాడు. ఎందుకైనా మంచిదని గోడ కింద ఉన్న కన్నానికి గుడ్డ కూడా కుక్కాడు.

పదిన్నరకల్లా స్టోర్ మెరిసిపోయింది. కావాలంటే ఇప్పుడే గల్లాపెట్టె తెరిచి బేరాలు మొదలుపెట్టొచ్చు. ముందూ వెనకా ఫొటోలు తీసి కూతురు హంసికకి పంపారు. రెడ్‌మండ్‌లో ఆఫీస్‌లో ఉన్న ఆ పిల్ల వెంటనే కాల్ చేసింది. స్పీకర్‌లో పెట్టారు.

"నాన్నా! వాట్ డిడ్ యు డూ? గోస్ట్ టౌన్‌ని ఎవరైనా క్లీన్ చేస్తారా?"

"గోస్ట్‌లు చెయ్యవు కదా తల్లీ, మనమే చెయ్యాలి."

"నాన్నా, అది డర్ట్ కాదు, అదే ఎగ్జిబిట్! వెబ్‌సైట్‌లో ఫస్ట్ ఫొటోనే ఆ డస్ట్. పిల్లి ఫుట్‌ప్రింట్స్ అని బిగ్ లెటర్స్‌లో ఉంది. స్టోర్ క్లోజ్ చేసిన రోజు పిల్లిని లోపల మర్చిపోయారంట, అది నడిచిందంట. అవి చూడ్డానికే అందరూ వస్తారు! అవి ఎక్కడ?"

విశ్వనాథం చేతిలోని తడిగుడ్డ వైపు చూశాడు.

శ్రీవిద్య మెల్లగా అంది: "ఏమండీ, పిండుదామా?"

సరిగ్గా అప్పుడే మార్జరీ, వాల్ట్ గుమ్మంలోకి వచ్చారు. వాల్ట్ చంకలో ఆయన పిల్లి బిస్కెట్ ఉంది, నారింజరంగు, దిండంత లావు. ఇద్దరూ లోపలికి చూసి అలాగే నిలబడిపోయారు. మార్జరీ కౌంటర్ మీద వేలు పెట్టి రాసి చూసుకుంది. వేలు శుభ్రంగా ఉంది.

"విష్," అంది, ఆయనకి తను పెట్టుకున్న పొట్టి పేరుతో, "ఇది చాలా... శుభ్రంగా ఉంది."

మార్జరీ నోట ఇంత భయంకరమైన తిట్టు ఆయన అంతకుముందు వినలేదు.

విశ్వనాథం జరిగిందంతా చెప్పాడు. మా వైపు ఆచారం అన్నాడు, తప్పు నాదే అన్నాడు, రాజీనామా ఇస్తానన్నాడు. వాల్ట్ మాత్రం వాక్యూమ్ క్లీనర్ సంచి వైపు చూస్తున్నాడు.

"దుమ్ము అంతా ఇందులోనే ఉంది కదా?" అన్నాడు. "మళ్ళీ చల్లేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

మాట పూర్తయ్యేలోపే శ్రీవిద్య క్యాబిన్‌కి పరిగెత్తి పిండి జల్లెడ తెచ్చేసింది. సంచి కోసి జల్లెడలో పోసి, అరిసెల పిండి జల్లించే ఒడుపుతో, కౌంటర్ ఒక చివర మీద ఊపింది. మెత్తగా, సమంగా, అందంగా రాలింది చరిత్ర. మొదట వాల్ట్ తుమ్మాడు. తర్వాత మార్జరీ తుమ్మింది. ఆ తుమ్ముకి రాలినదాంట్లో సగం లేచి శ్రీవిద్య ముఖం మీద పడింది. తర్వాత మార్జరీకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. బస్సు స్టార్టవ్వనని మొరాయించి ఒక్కసారిగా అందుకున్నట్టు పగలబడి నవ్వింది. వాల్ట్ గోడకి ఆనుకుని నవ్వాడు. శ్రీవిద్య కళ్ళు తుడుచుకుంటూ, "మా అమ్మ చూస్తే ఇంట్లోకి రానిచ్చేది కాదు, దుమ్ము పొయ్యడానికి జల్లెడ వాడానని!" అంది. అంతా మళ్ళీ నవ్వారు.

"ఇప్పుడు నడక," అని వాల్ట్ బిస్కెట్‌ని కౌంటర్ మీద దించాడు. "నడు నాన్నా. ఈ చివర నుంచి ఆ చివరకి. చిన్న పని."

బిస్కెట్ నడవలేదు. అందరి ముఖాలూ ఒకసారి చూసింది. ఉన్నచోటే తోక చుట్టుకుని, హాయిగా, బరువుగా కూర్చుంది. తాడు ముక్క ఆడించారు. లేవలేదు. వాల్ట్ నాలుగు కాళ్ళ మీద పాకి చూపించాడు. అది కళ్ళు మూసుకుంది. చివరికి ఎత్తి పక్కన పెడితే, దుమ్ములో మిగిలింది అడుగులు కాదు, గుండ్రటి, పెద్ద, ఏ సందేహానికీ తావులేని పిల్లి పిరుదుల ముద్ర.

అందరికంటే ఎక్కువ నవ్వింది విశ్వనాథమే. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"వద్దు వాల్ట్. ఆపేద్దాం."

"ఏం? ఇంకో పిల్లిని తెస్తాను."

"పిల్లి గురించి కాదు. డేటా పోతే పోయిందని చెప్పాలి. లేనిదాన్ని రాసి పెట్టి ఉందనకూడదు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఆ ఒక్కటే. మీ సూత్రం కూడా అదేగా? జరిగిపోయినదాన్ని సరిచెయ్యకూడదు. ఇప్పుడు జరిగింది నేనే. నన్నూ సరిచెయ్యకండి."

మార్జరీ నవ్వు ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది. "రేపు నీ ఓటు పోతుంది, విష్."

"పోతే పోనీ."

అనేశాడుగానీ, ఆ రోజంతా ఆయన మురుకులు మాడ్చాడు.

శనివారం వారసులంతా వచ్చారు. తలుపు తెరిచారు. మెరుస్తున్న సీసాల ముందు గుసగుసలు మొదలయ్యాయి. విశ్వనాథం స్టోర్ అరుగు మీద నిలబడి, ఎవరూ అడగకముందే, వీధిలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు: చీపురు కర్ర, తడిగుడ్డ, జల్లెడ, బిస్కెట్, అన్నీ.

పెద్ద టోపీ పెట్టుకున్న ఒకాయన లేచాడు. ఆ స్టోర్ ఆయన ముత్తాతది. ముఖం ఎర్రగా ఉంది. "మా కుటుంబం ఇన్నేళ్ళూ ఆ అడుగులు చూడ్డానికే వచ్చింది. ఇప్పుడు ఏం చూడాలి?"

"ఏం జరిగిందో అదే చూడాలి సర్," అన్నాడు విశ్వనాథం. "అవి పోయాయి, నేనే పోగొట్టాను. ఇవాళ్టి నుంచి పడే దుమ్మునైనా కాపాడతాను. నాకంటే భయంగా ఎవరూ కాపాడలేరు."

టోపీ ఆయన లోపలికి వెళ్ళాడు. కౌంటర్ మీదికి వంగి ఆ గుండ్రటి ముద్ర చాలాసేపు చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు విశ్వనాథం. ఆయన వెనక్కి తిరిగితే తెలిసింది, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఇది చెరపొద్దు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చే ఏడాది నా మనవళ్ళని తీసుకొస్తాను."

"చెరపం," అంది మార్జరీ. "జరిగిపోయింది కదా. ఇక ఓటు. విశ్వనాథం బోర్డులో ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి."

టోపీ ఆయన చెయ్యి ముందు లేచింది. తర్వాత వీధంతా చేతులే. విశ్వనాథానికి ఎదురుగా ఏదీ సరిగ్గా కనిపించలేదు, కళ్ళద్దాల మీద దుమ్మని చెప్పుకున్నాడు.

"వద్దన్నవాళ్ళు?"

చివరి వరుసలో ఒక్క చెయ్యి లేచింది. గాజుల చప్పుడుతో. శ్రీవిద్యది.

విశ్వనాథం నోరు తెరిచాడు. "శ్రీవిద్యా! నువ్వా?"

"అబ్బ, ఓటు కాదండీ," అంది శ్రీవిద్య చెయ్యి దించకుండానే. "బాత్రూమ్ ఎక్కడో అడుగుదామని."

మార్జరీ అప్పటికే అరుగు దిగి, రెండు చేతులూ చాచుకుని, గబగబా ఆవిడ వైపు నడుస్తోంది. జనం చప్పట్లు కొడుతున్నారు.